పూటకూటి యింటినుండి కాఫీ హోటలు వరకు

రాజ్యముల చరిత్రలు వ్రాసినవారు కోటలను, కొలువు కూటములను, యుద్ధభూములను వర్ణించిరి. మతముల చరిత్రలు వ్రాసినవారు దేవాలయములను, మఠములను పేర్కొనిరి. వీధి మలుపునందలి చిన్న హోటలును గూర్చి వ్రాసినవారు మాత్రము అరుదు. అందు చరిత్ర యేమున్నదని చాలమంది తలంతురు. కొద్దిపాటి పైకము, నాలుగు బల్లలు, లోపల మండుచున్న పొయ్యి, కచేరీ విడిచి వచ్చిన నలుగురు మిత్రులు. ఇంతకంటె సామాన్యమైన దృశ్యము వేరొకటి లేదు.

అయినను ఈ సామాన్య దృశ్యమునకు వయస్సు తక్కువ. నూట యేబది సంవత్సరముల క్రిందట వేర్వేరు కులములకు, వేర్వేరు మతములకు చెందిన నలుగురు మిత్రులు ఒక బహిరంగ స్థలమున, ఒకే బల్లయొద్ద, ఒకే వంటవాడు వండినదానిని కూడి తినుట తెలుగుదేశమున దాదాపు ఊహింపరాని సంగతి. స్నేహము లేకపోలేదు, సహపంక్తి మాత్రము లేదు. ఒకే అరుగుపై కూర్చుండి ప్రొద్దుపోవువరకు మాటలాడుకొన్నవారు సైతము భోజనవేళకు ఎవరి యింటికి వారు మరలుచుండిరి. ఆ వేర్పాటు ఏ మార్గమున సడలెనో, ఎచ్చట ఇంకను సడలలేదో తెలిసికొనుటకు చవక హోటలు చరిత్ర మంచి సాక్ష్యము.

సత్రము, పూటకూటియిల్లు

పూర్వము పరదేశమున బాటసారికి అన్నము దొరకు తావులు ముఖ్యముగా రెండు. మొదటిది ధర్మసత్రము. రాజులు, జమీందారులు, వర్తకులు పుణ్యార్థము మాన్యములిచ్చి సత్రములు కట్టించిరి. అచ్చటి అన్నమునకు వెల లేదు. కాని ఎవరికి పెట్టవలెను, ఎవరిని ఎచ్చట కూర్చుండబెట్టవలెను అనునది దాత సంకల్పమును, ఆచారమును అనుసరించి యుండెను. కొన్ని సత్రములలో వండిన యన్నము ఒక వర్ణమువారికే లభించుచుండెను. తక్కినవారు బియ్యము, పప్పు పుచ్చుకొని చెట్టుక్రింద వండుకొనవలసినదే. మరికొందరికి సత్రపు గడప త్రొక్కు అధికారమే లేకుండెను.

రెండవది పూటకూటియిల్లు. పూటకింతయని వెల తీసికొని అన్నము పెట్టు గృహమిది. దీని ప్రాచీనతకు తెలుగు సాహిత్యమే ప్రమాణము. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమై, శ్రీనాథుని రచనయని కొందరు పండితులు తలంచు క్రీడాభిరామములో మంచనశర్మ, టిట్టిభసెట్టి యను ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుదురు. అందొక పూటకూటియింటి ప్రసక్తి వచ్చును. ఒక రూకకు సన్నని బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు అచ్చట లభించునని కవి చెప్పినాడు. స్నేహితులు ఊరు తిరుగుచు ఎచ్చట తిందుమాయని విచారించుట, ఇంత వెలకు ఇన్ని వంటకములాయని సంబరపడుట ఈనాటి అలవాటు కాదని ఇందువలన తెలియుచున్నది.

కాని అది యొక గృహస్థుని ఇల్లు. ఇల్లు అను మాటలోనే హద్దు ఇమిడియున్నది. వెల చెల్లించువాడు ఎవడైనను గడప దాటవచ్చునని ఆనాటివారు అనుకొనలేదు. తరువాతి కాలమున పూటకూళ్ళు పెట్టుట నిరాధారలైన స్త్రీలకు, అందును విధవలకు, ఒక జీవనాధారమయ్యెను. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను తెలుగు పాఠకులు మరువరు. ఆమె చీపురుకట్టకు నవ్విన ప్రేక్షకులలో, ఒంటరి స్త్రీ పదిమందికి వండిపెట్టి తన కాళ్ళపై తాను నిలచిన సంగతి గమనించినవారు కొందరే యుందురు.

కలిగినవారి ప్రయాణము వేరు విధముగా నుండెను. మదరాసు సుప్రీంకోర్టున దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. పెద్ద పరివారముతో సాగిన ఆ యాత్రలో ఏ మజిలీయందు సత్రమున్నదో, ఏ యూరిలో ఏ సరకులు దొరకునో ఆయన శ్రద్ధగా వ్రాసికొనెను. సరకులు దొరకిన చాలును. వండుటకు మనుష్యులు వెంట నుండిరి. అంతటి ఉద్యోగి తన వంటయింటిని వెంట దీసికొనిపోవుట ఆనాటి మర్యాద. ఊరు మారినను పంక్తి మారకూడదనునదే అందలి నియమము.

రైలుబండి తెచ్చిన ఆకలి

ఈ నియమమును మొదట కదలించినది రైలుబండి. 1853 ఏప్రిల్ 16న బొంబాయి, ఠాణాల నడుమను, 1856 జులై 1న మదరాసు రాయపురము, వాలాజా రోడ్డుల నడుమను రైళ్ళు నడచుట మొదలయ్యెను. 1893లో బెజవాడయొద్ద కృష్ణపైనను, 1900లో రాజమహేంద్రవరమునొద్ద గోదావరిపైనను వంతెనలు సిద్ధమైన పిదప మదరాసు, కలకత్తాల నడుమ కోస్తా జిల్లాల మీదుగా ప్రయాణము సుగమమయ్యెను. రైలుపెట్టెలో టిక్కెట్టు తరగతిని బట్టి చోటు దొరకెను గాని కులమును బట్టి కాదు. వంటవానిని వెంట దీసికొనిపోవుట గుమాస్తాకు, విద్యార్థికి, చిన్న వర్తకునికి సాధ్యము కాదు. ఆకలియైనప్పుడు స్టేషనులో దొరకినది తినవలసివచ్చెను.

ఆచారము కూడ రైలుతోపాటు స్టేషనులోనికి వచ్చెను. ప్లాటుఫారముపై హిందువులకు, ముసల్మానులకు వేర్వేరుగా మంచినీరు పోయుచుండిరి. దక్షిణదేశపు స్టేషనుల భోజనశాలలలో బ్రాహ్మణులకు ఒక భాగము, ఇతరులకు మరియొక భాగము ఏర్పడెను. ఒకే పెట్టెలో భుజము భుజము రాచుకొని వచ్చిన ఇద్దరు ప్రయాణికులు అన్నమునొద్ద విడిపోవలసివచ్చెను. ఇది అన్యాయమని బ్రాహ్మణేతరోద్యమమువారు ఏండ్ల తరబడి ఆందోళన సలిపిరి. 1940 దశకపు తొలినాళ్ళలో దక్షిణదేశపు రైల్వేలలో ఆ వేర్పాటు తొలగెను.

రైలు పట్టణములను పెంచెను. పట్టణములు కచేరీలను, కళాశాలలను, న్యాయస్థానములను పెంచెను. ఇల్లు విడిచి ఒంటరిగా నివసించు యువకులు వేలకొలది పెరిగిరి. వారికి ఉదయమున ఏదైన ఫలాహారము, మధ్యాహ్నమున పట్టెడన్నము, సాయంకాలమున కూర్చుండి మాటలాడుటకు ఒక చోటు కావలసియుండెను. ఈ మూడింటిని కూర్చినది కాఫీ హోటలు. కాఫీ దురలవాటని పెద్దలు గద్దించుచున్నను పిన్నలు దానిని విడువలేదు. ఇంగ్లీషువారికి హోటలనగా ముఖ్యముగా బసచేయు స్థలము. తెలుగువాడు ఆ మాటను తీసికొని, బసను తీసివేసి, ఇడ్లీని, కాఫీని అందుంచెను. కాఫీ క్లబ్బు అను పేరును ఇట్లే పుట్టినది. దొరల క్లబ్బులో ప్రవేశము లేని గుమాస్తాకు అణాలతో దొరకిన క్లబ్బు అది.

ఉడుపివారు, ఇరానీలు

ఈ కొత్త వ్యాపారమున ప్రథమశ్రేణిలో నిలచినవారు ఉడుపి ప్రాంతమువారు. ఉడుపి శ్రీకృష్ణ క్షేత్రమునందలి ఎనిమిది మఠముల పరిధిలో వందలమందికి ఒకేసారి వండి వడ్డించు నేర్పు తరతరములుగా వచ్చుచుండెను. ఆ నేర్పుతో వారు మదరాసు, బెంగుళూరు, బొంబాయి చేరిరి. కె. కృష్ణారావుగారు ఆ సీమనుండి వచ్చి, మదరాసులో చిన్న పనివాడుగా కుదిరి, 1920 దశకమున స్వయముగా హోటలు నడపి, 1938లో వుడ్‌ల్యాండ్స్ హోటలును నెలకొల్పిరి. 1962లో ఆ సంస్థవారు మదరాసులో తెరచిన డ్రైవ్ ఇన్ హోటలు విద్యార్థులకు, రచయితలకు, ఉద్యోగులకు కూడలియై 2008 వరకు నడచెను. బొంబాయి మాతుంగాలో ఎ. రామనాయక్‌గారు 1942లో స్థాపించిన ఉడుపి శ్రీకృష్ణ బోర్డింగు ఒంటరి దక్షిణాది గుమాస్తాలకు అరటియాకులో ఇంటి భోజనమును పెట్టెను.

వీరి విజయమునకు రుచి యొక కారణము, శుభ్రత మరియొక కారణము. మూడవ కారణము కూడ కలదు. దానిని దాచుట చరిత్రకు తగదు. బ్రాహ్మణుడు వండిన యన్నము తినుటకు తక్కిన హిందువులలో చాలమందికి అభ్యంతరము లేదు. కావున వంటవాని కులము ఆ హోటలుకు ఒక యోగ్యతాపత్రమువలె ఉపకరించెను. పెక్కు హోటళ్ళ పేరుపలకలపై బ్రాహ్మణ శబ్దము ప్రముఖముగా కనబడుటకు హేతువిదియే. లోపల మరల బ్రాహ్మణులకు ఒక గది, ఇతరులకు ఒక హాలు. పంచములకు ప్రవేశము లేదని పలకలు వ్రాసిన హోటళ్ళును ఉండెను. అనేకులను ఒకచోటికి చేర్చిన ద్వారమే కొందరిని వెలుపల నిలిపెను.

అయినను కాలము పేరుపలకలను కూడ మార్చును. బెంగుళూరున 1924లో బ్రాహ్మణ కాఫీ క్లబ్బుగా ప్రారంభమైన హోటలు 1960లో మావళ్ళి టిఫిన్ రూమ్సు అను పేరు దాల్చెను. ఎం.టి.ఆర్. అను మూడక్షరములతో లోకమునకు తెలిసినది అదియే. ఊరి పేటపేరు కులము పేరును త్రోసివేసి పలకకెక్కినది. వీధిలో నడచిపోవువానికి అది చిన్న మార్పు. సామాజిక చరిత్రకు పెద్ద మార్పు.

హైదరాబాదు, సికిందరాబాదులలో కథ వేరుగా నడచెను. ఇరాను దేశమునుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు బొంబాయి, పూనా మీదుగా వచ్చినవారు అచ్చట వీధి మూలలందు చాయ్ హోటళ్ళు తెరచిరి. చలువరాతి బల్లలు, వంపు కఱ్ఱ కుర్చీలు, గంటలకొలది మరుగు చాయ్, తీపి, ఉప్పు కలసిన ఉస్మానియా బిస్కట్టు వారి ఆస్తి. యజమాని పరదేశి; ఈ దేశపు కులవ్యవస్థలో అతనికి పుట్టుకతో వచ్చిన స్థానము లేదు. కావున వచ్చినవాని కులమును విచారింపవలసిన అగత్యమును అతనికి లేకుండెను. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడువారు ఒకే బల్లయొద్ద చేరిరి. ఆబిడ్సులోని ఓరియంట్ హోటలు కవులకు, పత్రికారచయితలకు, రాజకీయ కార్యకర్తలకు ప్రసిద్ధమైన కూడలిగా నుండెను. 1953లో ప్యారడైజు సినిమాహాలునొద్ద చిన్న క్యాంటీనుగా మొదలైనది తరువాత బిరియానీకి పేరుపొందెను. వీధుల విస్తరణమును, అద్దెల పెరుగుదలయు పెక్కు ఇరానీ హోటళ్ళను మ్రింగివైచెను. ఓరియంటు సైతము నిలువలేదు.

గ్లాసు, కప్పు, ఎంగిలి

ఈ రెండు విధముల హోటళ్ళ తేడాను పాత్రలే చెప్పును. దక్షిణాది కాఫీ లోహపు గ్లాసు, దబరాలలో వచ్చును. అంచు పెదవికి తగులకుండ ఎత్తి పోసికొని త్రాగవచ్చును. లోహమును తోమి శుద్ధిచేయవచ్చుననియు, మట్టిపాత్రకు ఎంగిలి తగిలిన అది పోదనియు పాత నమ్మకము. ఇరానీ హోటలులో చాయ్ వచ్చునది పింగాణి కప్పులో. ఒకరు పెదవినాన్చిన కప్పునే కడిగి మరియొకరికి ఇత్తురు. పింగాణి కప్పును సంకోచము లేక అందుకొన్నవాడు, తెలిసియో తెలియకయో, ఒక పాత భయమును దాటినవాడే. ఒక చాయ్‌ని రెండు కప్పులలో పోసి తెమ్మను ‘వన్ బై టూ’ అలవాటు స్నేహితుల పొదుపుకు గుర్తు. ఎంగిలి పట్టింపు బలముగా నున్న కాలమున అట్టి పంపకము కులములు దాటి సాగుట అరుదు.

బల్లయొద్ద చేరుట పైకము మాత్రమే చేసిన పని కాదు. దానికై కష్టపడినవారు కలరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, సంస్కర్తలను, వారితో చేరినవారిని పూర్వాచారపరులు సంఘమునుండి వెలివేసిరి. వెలియనగా ముఖ్యముగా పంక్తినుండి త్రోసివేయుటయే. ఎవరును వారి యింట తినరాదు, వారిని తమ యింటికి పిలువరాదు. 1927 మార్చి 20న మహాడులో డాక్టరు అంబేద్కరుగారు చవదారు చెరువు నీటిని దోసిలితో త్రాగి, పదిమందికి చెందిన నీటిపై అందరికిని హక్కు కలదని చాటిరి. తెలుగుదేశమున గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు కృష్ణాజిల్లా ముదునూరులో సహపంక్తి భోజనములు జరిపి, అన్నమునొద్ద కులమును మరువవలెనని ఆచరించి చూపిరి. 1957లో మదరాసున ఒక హోటలు పేరుపలకపైనున్న బ్రాహ్మణ శబ్దమును తొలగింపవలెనని పెరియారు అనుచరులు నెలల తరబడి దాని ముందు నిలచి అరెస్టులకు లోనైరి.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము ఈ విషయమును సూటిగా తాకినది. పదునైదవ అధికరణము అంగళ్ళను, బహిరంగ భోజనశాలలను, హోటళ్ళను పేర్కొని, మత, జాతి, కుల, లింగ, జన్మస్థల భేదములను బట్టి మాత్రమే వానిలో ఎవరి ప్రవేశమును నిరోధింపరాదని శాసించెను. పదునేడవ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. ప్రపంచ రాజ్యాంగములలో చాయ్ దుకాణము వంటి చిన్న స్థలమునకు ఇంతటి చోటు దొరకుట అరుదు. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను; హోటలులో ప్రవేశము నిరాకరించుట, అందరి ఉపయోగమునకు ఉంచిన పాత్రలను వాడనీయకుండుట శిక్షార్హములయ్యెను. 1976లో సవరింపబడి అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమయ్యెను.

చట్టము పుట్టినంతనే అలవాటు చావలేదు. తెలుగునాట పెక్కు పల్లెల టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి చిరకాలము సాగెను. దళితులకు వేరు గ్లాసు. అది దుకాణపు చూరులోనో, వెలుపలి గూటిలోనో ఉండును. త్రాగినవాడే కడిగి యథాస్థానమున ఉంచవలెను. కూర్చుండుటకు బల్ల లేదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నియమించిన జస్టిస్ పున్నయ్య కమిషను 2001లో సమర్పించిన నివేదికలో సైతము ఈ పద్ధతి ప్రస్తావనకు వచ్చెను. అనగా రాజ్యాంగము వచ్చిన అర్ధశతాబ్ది పిమ్మటను ఒక గ్లాసు చరిత్ర ముగియలేదన్నమాట. పట్టణమున నలుగురు మిత్రులు ఒక కాఫీని పంచుకొనుచున్న కాలమునందే, కొన్ని క్రోసుల దూరమున ఒక మనుష్యుడు తన గ్లాసును తాను కడిగి చూరులో దోపుచుండెను.

వడ్డించినవాడు యజమాని యైనప్పుడు

కేంద్రప్రభుత్వోద్యోగులకు చిరపరిచితమైన కాఫీ హౌసు కథ ఇందులో ఒక ప్రత్యేకాధ్యాయము. కాఫీ పంటకు దేశములోనే గిరాకి పెంచు నుద్దేశముతో 1935లో కాఫీ సెస్ కమిటీ ఏర్పడెను. 1936లో బొంబాయి చర్చిగేటునొద్ద కాఫీ హౌసు తెరవబడెను. తరువాత కాఫీ బోర్డు ఆధ్వర్యమున అనేక నగరములలో అట్టి కాఫీ హౌసులు వెలసెను. కలకత్తా కాలేజి వీథిలోని ఆల్బర్టు హాలులో 1942లో తెరచిన కాఫీ హౌసు వంగదేశపు రచయితలకు, విద్యార్థులకు రెండవ యిల్లయ్యెను. ఒక కప్పు కాఫీ ఎదుట పెట్టుకొని పూటంతయు వాదించువానిని లెమ్మనకుండుట ఈ కాఫీ హౌసుల సంప్రదాయము.

1950 దశకపు నడుమ కాఫీ బోర్డు వానిని మూసివేయ నిశ్చయించినప్పుడు వందలకొలది పనివారు వీధిన పడు స్థితి వచ్చెను. అప్పుడు ఎ. కె. గోపాలన్‌గారి ప్రోత్సాహముతో ఆ పనివారే సహకార సంఘములుగా ఏర్పడి కాఫీ హౌసులను తామే నడపుటకు పూనుకొనిరి. 1957 ఆగస్టు 19న బెంగుళూరున మొదటి సంఘము ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరమే అక్టోబరు 27న న్యూఢిల్లీలో ఇండియన్ కాఫీ హౌసు తెరవబడెను. 1958 మార్చి 8న కేరళమున త్రిచూరులో మరియొకటి వెలసెను. తలపాగా, నడుమున వెడల్పు పట్టీ ధరించి కాఫీ తెచ్చి యిచ్చువాడు ఆనాటినుండి సంఘపు భాగస్వామి. వడ్డించుట తక్కువపని, వడ్డింపించుకొనుట ఎక్కువతనము అను భావమునకు ఇది గట్టి సమాధానము. ఢిల్లీ కాఫీ హౌసు చర్చలకు పేరుపొందెను. అత్యవసర పరిస్థితి కాలమున కన్నాట్ ప్లేసులోని దాని భవనము కూలద్రోయబడినను, మోహన్‌సింగ్ ప్లేసు మీది అంతస్తున ఆ మిత్రగోష్ఠి మరల చేరెను.

చవకదనమునకు మరియొక ముఖము కలదు. కాఫీ హౌసు పనివారికి దొరకిన గౌరవము సామాన్యపు హోటలు పనివానికి దొరకలేదు. తెల్లవారుజామున పిండి రుబ్బినవాడు, అర్ధరాత్రి వరకు పళ్ళెములు కడిగినవాడు చాల చోట్ల పసివాడు. బల్ల తుడుచు ఆ బాలుని పేరు అడిగినవారు తక్కువ. పిలుపంతయు ‘ఒరే’ యనియే. హోటళ్ళు, ధాబాలు, టీ దుకాణములలో పదునాలుగేండ్లలోపు పిల్లలను పనికి పెట్టరాదని కేంద్రప్రభుత్వము చేసిన ఉత్తర్వు 2006 అక్టోబరు 10నుండి అమలులోనికి వచ్చెను. అంతకు ముందటి తరములు చవకగా తిన్న ఫలాహారమునకు కొంత మూల్యమును ఆ పసిపిల్లలు చెల్లించిరి. హోటలు చరిత్రలో ఈ పద్దును కూడ వ్రాయవలెను.

ప్రవాసమున పంక్తి

ఉద్యోగరీత్యా స్వస్థలమును విడిచిన తెలుగువారికి హోటలు రుచిని మాత్రమే కాక భాషను కూడ ఇచ్చెను. బొంబాయి కామాఠిపురమునకు ఆ పేరు తెలుగుసీమనుండి వలసవెళ్ళిన కామాఠీ కూలీల వలన వచ్చినది. ఆ నగరపు మిల్లు కార్మికులకు ఖానావళులలో స్త్రీలు నెలకింతయని తీసికొని అన్నము పెట్టుచుండిరి. పూటకూళ్ళమ్మకు వారు దూరపు చెల్లెండ్రు. 1975లో ప్రేమా పురావ్‌గారు ఆ స్త్రీలను కూడగట్టి అన్నపూర్ణా మహిళా మండలిని స్థాపించి, వడ్డీవ్యాపారుల పట్టునుండి తప్పించి బ్యాంకు ఋణములు ఇప్పించిరి. ఎవరి పేరును ఎన్నడును పత్రికలకెక్కని ఒక వృత్తికి అది మొదటి గుర్తింపు.

రాజధానిలో ఆంధ్రభవన్ క్యాంటీను తెలుగువారి కూడలిగా పేరుపొందెను. పప్పు, పొడి, నెయ్యి, పచ్చడి కోరినంత వడ్డించు ఆ భోజనమునకై తెలుగువారి వెంట పంజాబీలు, వంగీయులు, ఒడియావారు వరుసలో నిలచిరి. కచేరీలో ప్రక్క కుర్చీలో కూర్చున్న ఉత్తరాది మిత్రుడు మొదటిసారి గోంగూర రుచి చూచి కన్నీరు కార్చుట, మరల మరునాడు తానే బయలుదేరదీయుట ఎన్నో కార్యాలయములలో నవ్వుకొని చెప్పుకొను సంగతి. జాతీయ సమైక్యతను గూర్చి పలువురు ఉపన్యసించిరి. అన్యప్రాంతపు అన్నమును తన పళ్ళెములోనికి తీసికొన్నవాడు దానిని కొంత ఆచరించెను. ఇడ్లీ, దోసెలు ఈనాడు దేశమందంతటను దొరకుటకు ప్రభుత్వోత్తర్వు లేవియు కారణము కావు. బదిలీపై వెళ్ళిన గుమాస్తా ఆకలియు, అతని వెంట వెళ్ళిన స్నేహితుని కుతూహలమును కారణములు.

ఇటీవలి కాలమున ధర్మసత్రము కొత్త రూపమున తిరిగివచ్చినది. 2014లో హైదరాబాదున నగరపాలక సంస్థ అయిదు రూపాయల భోజనమును ప్రారంభించెను. ఆంధ్రప్రదేశమున 2018లో తెరచిన అన్న క్యాంటీనులు 2019లో మూతపడి 2024లో మరల తెరవబడెను. కూలి, విద్యార్థి, ఆసుపత్రికి వచ్చిన రోగి బంధువు ఒకే వరుసలో నిలచి ఒకే గరిటెతో వడ్డింపించుకొందురు. పాత సత్రమున దాత అన్నమును ఉచితముగా పెట్టి, పంక్తిని మాత్రము విడదీసెను. ఇక్కడ అల్పమైనను వెల కలదు, పంక్తి ఒక్కటియే. ఈ రెండింటి నడుమ జరిగిన ప్రయాణమే పైన చెప్పిన చరిత్ర.

ఆ ప్రయాణము తానుగా జరుగలేదు. రైలు త్రోవ తెరచెను. వర్తకుడు లాభమునకై తలుపు తెరచెను. తెరువని తలుపును సంస్కర్తలు, ఉద్యమకారులు తట్టిరి. రాజ్యాంగము గడియ తీసెను. ఆ మీద మిగిలినది అలవాటు. దానిని మార్చునది ప్రతిదినమును హోటలుకు వచ్చు సామాన్యులే. తమతో వచ్చినవానికి వేరు గ్లాసు తెచ్చినప్పుడు దానిని త్రిప్పి పంపుట, బల్ల తుడుచువానిని పేరుతో పిలుచుట, కచేరీలో మాటలాడనివానిని సాయంకాలమున కాఫీకి పిలుచుట చట్టములో వ్రాయదగినవి కావు. రెండు గ్లాసులున్న దుకాణము ఒక్కటియైనను ఎచ్చట మిగిలియుండునో, అచ్చట తెలుగువారి భోజనశాల చరిత్ర ఇంకను వ్రాయవలసియే యున్నది.